పట్టూ విడుపూ తెలిసిన లోహం

ఇంటర్మీడియట్‌లో రసాయనశాస్త్రం చదివినవారికి ఉపరితల రసాయనం పాఠంలోని మూడు చర్యలు గుర్తుండే ఉంటాయి. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ కలిసిన వాయువును నికెల్ మీదుగా పంపితే మీథేన్ వస్తుంది. రాగి, జింక్ ఆక్సైడ్, క్రోమియం ఆక్సైడ్ కలిసిన పదార్థం మీదుగా పంపితే మిథనాల్ వస్తుంది. ఒట్టి రాగి మీదుగా పంపితే ఫార్మాల్డిహైడ్ వస్తుంది. ఉత్ప్రేరకం మారితే ఫలితం మారుతుందని చెప్పడానికి ఇంత పొందికైన ఉదాహరణ మరొకటి దొరకదు కాబట్టి పాఠ్యపుస్తకాలు దీన్ని ఏళ్ల తరబడి మోస్తున్నాయి. మూడో చర్యను మాత్రం కాస్త అనుమానంగానే చూడాలి. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ నేరుగా కలిసి ఫార్మాల్డిహైడ్ అయ్యే చర్యకు సమతాస్థితి బాగా ప్రతికూలం; ఎంత మంచి ఉత్ప్రేరకం పెట్టినా చేతికందేది జాడ మాత్రమే. పరిశ్రమలో ఫార్మాల్డిహైడ్‌ను మిథనాల్ నుంచే తయారుచేస్తారు, వెండి మీదనో ఐరన్ మాలిబ్డేట్ మీదనో. మొదటి రెండు చర్యలు మాత్రం కర్మాగారాల్లో రోజూ జరిగేవే. వాటిలో రెండోది, దాని వెనకనున్న రాగి ఇక్కడ మన విషయం.

ఆ వాయు మిశ్రమం పేరు సంశ్లేషణ వాయువు. కర్మాగారాల్లో అందరూ సిన్‌గ్యాస్ అనే అంటారు. ఎర్రగా కాలిన బొగ్గు మీదికి నీటి ఆవిరి పంపితే పుట్టే నీటి వాయువు దీనికి పాత రూపం. ఇప్పుడు చాలా దేశాల్లో సహజవాయువును నీటి ఆవిరితో కలిపి, నికెల్ ఉత్ప్రేరకం మీద 800 డిగ్రీల సెల్సియస్ పైచిలుకు వేడిలో విడగొట్టి దీన్ని తీస్తారు. చైనాలో బొగ్గుదే పెద్ద వాటా. కట్టె, ఊక, ఊరి చెత్త, కర్బనమున్న పదార్థం ఏదైనా సరే, చాలీచాలని ఆక్సిజన్‌తో బాగా వేడిచేస్తే వచ్చేది ఇదే. ఈ మెట్టు దాటాక ముడిసరుకు పుట్టుపూర్వోత్తరాలు చెరిగిపోతాయి. మిగిలేవి రెండు చిన్న అణువులు, వాటి వెంట కొంత కార్బన్ డయాక్సైడ్.

ఒక కార్బన్ మోనాక్సైడ్ అణువు, రెండు హైడ్రోజన్ అణువులు కలిస్తే ఒక మిథనాల్ అణువు. మూడు అణువులు ఒకటవుతున్నాయి కాబట్టి పీడనం పెంచితే చర్య ముందుకు సాగుతుంది. మోల్‌కు దాదాపు 91 కిలోజౌళ్ల వేడి వెలువడుతుంది కాబట్టి ఉష్ణోగ్రత పెంచితే వెనక్కి మళ్లుతుంది. లీ షాట్లియర్ నియమం చెప్పేది ఇంతే. లెక్క కడితే, మామూలు వాతావరణ పీడనం దగ్గర 140 డిగ్రీలు దాటగానే సమతాస్థితి మిథనాల్‌కు ఎదురు తిరుగుతుంది. అంత తక్కువ వేడిలోనేమో చర్య నత్తనడక నడుస్తుంది. వేడి పెంచితే వేగం వస్తుంది, దిగుబడి పోతుంది. పోయిన దిగుబడిని పీడనం పెట్టి కొనుక్కోవాలి. పీడనమంటే మందపాటి ఉక్కు, పెద్ద కంప్రెసర్లు, కరెంటు, డబ్బు.

దీనికన్నా లోతైన చిక్కు ఇంకొకటుంది. అవే వాయువులు కలిసి మీథేన్, నీరు ఏర్పడితే మోల్‌కు 206 కిలోజౌళ్లు వెలువడతాయి. రెండు కార్బన్ మోనాక్సైడ్ అణువులు కలిసి ఒక ఇథనాల్, ఒక నీటి అణువు అయితే దాదాపు 256. అంటే వీటన్నిటిలో తక్కువ స్థిరత్వం ఉన్నది మిథనాలే. ఈ వాయువులను వాటి మానాన వదిలేస్తే అవి వెళ్లి చేరే చోటు మీథేన్. మిథనాల్ దారిలో ఒక మజిలీ. ఆ మజిలీలోనే చర్యను ఆపాలంటే కార్బన్‌కు హైడ్రోజన్‌ను అందించాలి గాని, కార్బన్, ఆక్సిజన్‌ల నడుమ ఉన్న బంధాన్ని పూర్తిగా తెగనివ్వకూడదు.

కార్బన్ మోనాక్సైడ్‌లోని ఆ బంధం రసాయనశాస్త్రానికి తెలిసిన అతి గట్టి బంధాల్లో ఒకటి. అయినా ఇనుము, కోబాల్ట్, నికెల్ దాన్ని తెంచగలవు. వీటి పరమాణువుల్లో డీ ఆర్బిటాళ్లు పూర్తిగా నిండి ఉండవు; ఉపరితలం మీద వాలిన కార్బన్ మోనాక్సైడ్‌ను గట్టిగా లాగి పట్టుకుంటాయి. ఆ లాగుడుకు కార్బన్, ఆక్సిజన్ విడిపోతాయి. ఒంటరి కార్బన్‌కు హైడ్రోజన్ తోడైతే మీథేన్. కార్బన్లు ఒకదానికొకటి తగులుకుంటే పెట్రోలు, డీజిల్ జాతి హైడ్రోకార్బన్లు. 1920ల్లో జర్మనీలోని ముల్‌హైమ్‌లో ఫ్రాంజ్ ఫిషర్, హాన్స్ ట్రాప్ష్ కనిపెట్టిన పద్ధతి ఈ రెండోదే. ఆవర్తన పట్టికలో నికెల్ పక్కగదిలోనే ఉన్న రాగికి డీ ఆర్బిటాళ్లు నిండిపోయాయి. కార్బన్ మోనాక్సైడ్ దాని మీద వాలుతుంది, తేలిగ్గా లేచిపోతుంది, తెగదు. హైడ్రోజన్ అణువును మాత్రం రాగి కొంత శ్రమపడి రెండుగా చీల్చగలదు. మిథనాల్‌కు కావలసింది సరిగ్గా ఈ మోతాదు పట్టు, ఈ మోతాదు విడుపు. రాగిని మిథనాల్‌కు రాజును చేసిన గుణం ఇదే. ఇథనాల్ దగ్గరికి వచ్చేసరికి దాని చేత చేతులెత్తించేదీ ఇదే.

ఇంత తగిన లోహానికి పని దొరకడానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది. మిథనాల్‌ను 1661లో రాబర్ట్ బాయిల్ కట్టె నుంచి బట్టీ పట్టి వేరుచేశాడు. ఆ తర్వాత రెండున్నర శతాబ్దాల పాటు అది కట్టె నుంచే వచ్చింది; దాన్ని ఉడ్ ఆల్కహాల్ అనడం అందుకే. కల్తీ సారా తాగి చూపు పోయినవాళ్లను, ప్రాణం పోయినవాళ్లను గురించి పత్రికల్లో చదువుతుంటాం, అందులో చంపేది ఈ మిథనాలే. 1923లో జర్మనీలోని లాయ్నా కర్మాగారంలో బీఏఎస్ఎఫ్ సంస్థకు చెందిన మాటియాస్ పీర్ బృందం దాన్ని సిన్‌గ్యాస్ నుంచి వ్యాపార స్థాయిలో తయారుచేసింది. ఉత్ప్రేరకం జింక్ ఆక్సైడ్, క్రోమియం ఆక్సైడ్‌ల మిశ్రమం. ఉష్ణోగ్రత 300 నుంచి 400 డిగ్రీలు. పీడనం 250 నుంచి 350 బార్లు, అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి సుమారు మూడు వందల రెట్లు. ఆ స్థలంలోనే అప్పటికే అమ్మోనియా తయారవుతోంది కాబట్టి అంత పీడనాన్ని భరించే ఉక్కు పాత్రలు, వాటిని నడపగల మనుషులు సిద్ధంగా ఉన్నారు. లేకపోతే 1923లో ఎవరూ ఆ సాహసానికి పూనుకునేవారు కాదనుకుంటాను.

పీర్ బృందానికి ఎదురైన అడ్డంకి విచిత్రమైంది. అధిక పీడనంలో కార్బన్ మోనాక్సైడ్ ఉక్కు గోడల్లోని ఇనుముతో కలిసి ఐరన్ కార్బొనైల్ అవుతుంది. ఆవిరయ్యే ద్రవం అది. వాయువుతో పాటు ప్రయాణించి, వేడి ఉత్ప్రేరకం మీద విడిపోయి, అక్కడ ఇనుమును దిగవిడుస్తుంది. ఇనుము తన అలవాటు ప్రకారం బంధాన్ని తెంచి మీథేన్ చేస్తుంది. దాంతో వేడి ఒక్కసారిగా పెరిగి అదుపు తప్పుతుంది. అందుకని పాత్రల లోపలి గోడలకు ఇనుము తగలకుండా రాగి తొడిగారు. రాగి మిథనాల్ కర్మాగారంలోకి మొదట అడుగుపెట్టింది ఉత్ప్రేరకంగా కాదు, గోడకు తొడుగుగా.

రాగి చురుకైనదని ఆ రోజుల్లో తెలియక కాదు. జింక్ ఆక్సైడ్‌కు రాగి కలిపితే ఇంకా తక్కువ వేడిలో చర్య సాగుతుందని 1920ల ప్రయోగశాలలకు తెలుసు. పోలెండ్‌లో బ్లాసియాక్ 1947లోనే రాగి, జింక్, అల్యూమినియంల కలయికకు పేటెంట్ తీసుకున్నాడు. అడ్డం వచ్చింది గంధకం. నేలబొగ్గు నుంచి తీసిన వాయువులో గంధకం సమ్మేళనాలు తప్పవు. జింక్ క్రోమియం ఆక్సైడ్ వాటిని కొంతవరకు ఓర్చుకుంటుంది. రాగి ఓర్చుకోలేదు. కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుగా పట్టుకునే ఆ లోహం గంధకాన్ని మాత్రం వదలకుండా పట్టుకుంటుంది, ఆ పట్టులోనే చచ్చిపోతుంది. వాయువులో గంధకం కోటి వంతుల్లో ఒక వంతు కన్నా తక్కువ ఉంటేనే రాగి ఉత్ప్రేరకం ఏళ్ల తరబడి బతుకుతుంది. క్లోరిన్ అంతకన్నా ప్రమాదకారి.

1960ల్లో పరిస్థితి మారింది, అది కూడా మిథనాల్‌తో సంబంధం లేని చోట. ఇంగ్లండులోని బిల్లింగ్‌హామ్‌లో ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్ సంస్థ నాఫ్తా అనే తేలికపాటి పెట్రోలియం ద్రవాన్ని నీటి ఆవిరితో విడగొట్టి సిన్‌గ్యాస్ తీసే పద్ధతిని అభివృద్ధి చేసింది. అందులో వాడే నికెల్ ఉత్ప్రేరకానికి కూడా గంధకం విషమే కాబట్టి నాఫ్తాలోని గంధకాన్ని ముందే తీసేయాలి. అలా బయటికొచ్చిన సిన్‌గ్యాస్ మునుపెన్నడూ లేనంత శుభ్రంగా ఉంది. 1966లో ఆ సంస్థ రాగి, జింక్ ఆక్సైడ్, అల్యూమినా ఉత్ప్రేరకంతో 50 బార్ల పీడనంలో, 250 డిగ్రీల ప్రాంతంలో మిథనాల్ తయారీ మొదలుపెట్టింది. పీడనం ఆరో వంతుకు పడిపోయింది. పెద్ద పెద్ద పిస్టన్ కంప్రెసర్ల స్థానంలో సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్లు వచ్చాయి. కొన్నేళ్లకే జర్మనీలోని లుర్గీ సంస్థ తన పద్ధతి తెచ్చింది: సన్నని గొట్టాల్లో ఉత్ప్రేరకం, గొట్టాల చుట్టూ మరిగే నీరు. చర్యలో పుట్టిన వేడి నీటిని ఆవిరిచేస్తూ పోతుంది, ఉష్ణోగ్రత నిలకడగా ఉంటుంది. 1980ల మధ్యకల్లా పాత అధిక పీడన కర్మాగారాల రోజులు ముగిశాయి. పాఠ్యపుస్తకాల్లోని క్రోమియం ఆక్సైడ్ ఆ పాత కాలపు ఆనవాలు. నేటి ఉత్ప్రేరకంలో దాని బదులు అల్యూమినా ఉంటుంది.

ఈ ఘనత నిజానికి గంధకాన్ని తీసేసిన ఇంజనీర్లది. ఉత్ప్రేరకాల చరిత్ర రాసేవాళ్లు కొత్త పదార్థాల పేర్లు చెప్పి, వాయువును కడిగినవాళ్లను మర్చిపోతుంటారు.

ఇక ఈ ఉత్ప్రేరకం తయారీ చూస్తే, సైన్సు ఎక్కడ ఆగి చేతివాటం ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. రాగి, జింక్, అల్యూమినియం నైట్రేట్ల ద్రావణంలోకి సోడియం కార్బొనేట్ ద్రావణాన్ని 60, 70 డిగ్రీల వేడిలో, ఆమ్లత్వం మారకుండా చూసుకుంటూ కలుపుతారు. నీలిరంగు అవక్షేపం దిగుతుంది. దాన్ని వెంటనే వడకట్టకుండా ఆ ద్రవంలోనే కలియబెడుతూ ఉంచితే కొంతసేపటికి రంగు నీలం నుంచి ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. బెల్లం పాకం తీగ సాగే క్షణం లాంటిదే ఇది. ముందే దించినా, మరీ ఆలస్యం చేసినా సరుకు చెడుతుంది. ఆ రంగు మార్పులో జరిగేది ఏమిటంటే, మాలకైట్ అనే రాగి కార్బొనేట్ స్ఫటికంలో కొన్ని రాగి అయాన్ల స్థానాన్ని జింక్ అయాన్లు ఆక్రమిస్తాయి. ఎంత జింక్ ఆ స్ఫటికంలోకి చొరబడితే తర్వాత రాగి అంత సన్నని రేణువులుగా విడిపోతుంది. పిదప సోడియం జాడ లేకుండా కడగాలి, ఆరబెట్టాలి, 300 డిగ్రీల పైన కాల్చి ఆక్సైడ్లుగా మార్చాలి, బిళ్లలుగా నొక్కాలి. చివరి మెట్టు కర్మాగారంలో రియాక్టర్‌లోనే జరుగుతుంది. నైట్రోజన్‌లో ఒకటి రెండు శాతం హైడ్రోజన్ కలిపి రోజుల తరబడి మెల్లమెల్లగా పంపి, కాపర్ ఆక్సైడ్‌ను రాగిగా మారుస్తారు. తొందరపడి హైడ్రోజన్ పెంచితే ఆ చర్యలో పుట్టే వేడికే రాగి రేణువులు ముద్దకడతాయి, లక్షలు పోసి కొన్న సరుకు తొలిరోజే ముసలిదవుతుంది.

ముద్దకట్టడం రాగికి పుట్టుకతో వచ్చిన జబ్బు. లోహపు ఉపరితలం మీది పరమాణువులు, కెల్విన్ మానంలో దాని ద్రవీభవన స్థానానికి పదింట మూడు వంతుల దగ్గరే అటూ ఇటూ జరగడం మొదలుపెడతాయి. ఇనుముకు ఆ గీత 270 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంది. రాగికి 134 డిగ్రీలే. 250 డిగ్రీల దగ్గర పనిచేసే రాగి రేణువు ఎప్పుడూ సగం కరిగిన స్వభావంతోనే ఉంటుందన్నమాట. పది నానోమీటర్ల రేణువులు ఒకదాన్నొకటి కలుపుకొని పెద్దవవుతాయి, ఉపరితలం తగ్గుతుంది, ఉత్పత్తి తగ్గుతుంది. జింక్ ఆక్సైడ్, అల్యూమినా మధ్యలో అడ్డుగా నిలబడి ఈ కలయికను ఆలస్యం చేస్తాయి. 300 డిగ్రీలు దాటనివ్వకుండా జాగ్రత్తపడితే ఒక విడత సరుకు మూడు నాలుగేళ్లు పనిచేస్తుంది.

జింక్ ఆక్సైడ్ పని అడ్డుగోడగా నిలబడడమేనా? ఈ ప్రశ్న మీద సాగిన వాదం నాలుగు దశాబ్దాలు దాటినా చల్లారలేదు. దానికి ముందు ఇంకో వాదం, అది తేలిపోయింది కాబట్టి మొదట దాని సంగతి.

మిథనాల్‌లోని కార్బన్ ఎక్కడి నుంచి వస్తుంది? కార్బన్ మోనాక్సైడ్ నుంచే అని అందరూ అనుకున్నారు. సమీకరణం అలాగే రాస్తారు మరి. కానీ సిన్‌గ్యాస్‌లో కొద్ది శాతం కార్బన్ డయాక్సైడ్ లేకపోతే రాగి ఉత్ప్రేరకం డీలా పడుతుందని కర్మాగారాల వాళ్లకు అనుభవంలో తెలుసు. మాస్కోలో కగాన్, రొజోవ్‌స్కీ 1970ల్లోనే కార్బన్ డయాక్సైడ్‌ను అసలు ముడిసరుకుగా చూపారు. పశ్చిమ దేశాలు పెద్దగా నమ్మలేదు. 1980ల్లో ఇంపీరియల్ కెమికల్ శాస్త్రజ్ఞులు రేడియోధార్మిక కార్బన్ 14 గుర్తు పెట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను మామూలు కార్బన్ మోనాక్సైడ్‌తో కలిపి పంపారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. కార్బన్ మోనాక్సైడ్, నీరు కలిసి కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ అయ్యే చర్య ఇదే రాగి మీద రెండు వైపులా సాగుతుంది కాబట్టి, కాస్త సమయమిస్తే గుర్తు రెండు వాయువుల్లోకీ పాకుతుంది, ప్రయోగం ఏమీ చెప్పదు. అందుకని గుర్తు పాకే వ్యవధి లేకుండా వాయువును మహా వేగంగా నడిపించారు. బయటికొచ్చిన మిథనాల్‌లో కార్బన్ డయాక్సైడ్ గుర్తే కనిపించింది. రాగి మీద మిథనాల్ ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్ నుంచి తయారవుతుంది. అందులో మిగిలిపోయే ఆక్సిజన్‌ను, నీటిని తొలగించి మళ్లీ కార్బన్ డయాక్సైడ్‌ను అందించడం కార్బన్ మోనాక్సైడ్ పని. రాగి పట్టు వదులని ముందు చెప్పుకున్న దానికి ఇది చక్కగా అతుకుతుంది. కార్బన్ మోనాక్సైడ్ దాని మీద నిలవదు. కార్బన్ డయాక్సైడ్ ఒక హైడ్రోజన్‌ను కలుపుకొని ఫార్మేట్‌గా మారితే, రెండు ఆక్సిజన్ కాళ్లతో రాగి మీద నిలబడగలుగుతుంది, మిగిలిన హైడ్రోజన్లు వచ్చి చేరేదాకా ఆగగలుగుతుంది.

జింక్ సంగతి అంత తేలిగ్గా తెమలలేదు. చురుకుదనమంతా రాగి ఉపరితల వైశాల్యాన్ని బట్టే ఉంటుందని ఒక వర్గం, జింక్ తోడు లేనిదే రాగి సగం కూడా పనిచేయదని మరో వర్గం. 2012లో బెర్లిన్‌లోని ఫ్రిట్జ్ హేబర్ సంస్థకు చెందిన మాల్టె బెహ్రెన్స్, సహచరులు పారిశ్రామిక ఉత్ప్రేరకాన్నే సూక్ష్మదర్శినిలో పరిశీలించి, రాగి రేణువులు నున్నగా ఉండవని, లోపాలతో, మెట్లతో నిండి ఉంటాయని, ఆ మెట్ల అంచుల్లో జింక్ పరమాణువులు కూర్చున్నచోటే పని జరుగుతుందని వాదించారు. 2017లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల బృందం, చర్య జరిగే వేళ ఆ జింక్ లోహంగా మిగలదని, ఆక్సైడ్ అవుతుందని, రాగి, జింక్ ఆక్సైడ్ కలిసే సరిహద్దే అసలు స్థానమని చూపింది. రెండో వాదనకే నా మొగ్గు, ఎందుకంటే ఫార్మేట్ లాంటి ఆక్సిజన్ కాళ్లున్న రూపాన్ని నిలబెట్టడానికి ఆక్సైడ్ అంచు తగిన చోటు. అయితే పీడనం, వాయువుల పాళ్లు మారితే ఉపరితలమే మారిపోయే పదార్థం ఇది. ఒక ప్రయోగశాలలో ఒక పరిస్థితిలో తీసిన బొమ్మతో తీర్పు చెప్పడం తొందరపాటు. మిథనాల్ మాత్రం ఏడాదికి పది కోట్ల టన్నులకు పైగా తయారవుతూనే ఉంది, ఈ తీర్పు కోసం ఆగకుండా.

మిథనాల్ దగ్గర రాగి పనితనం ఎంత నిక్కచ్చిదంటే, ఉత్పత్తిలో 99 శాతానికి పైగా మిథనాలే ఉంటుంది. ఇథనాల్ లాంటివి మలినాలుగా జాడమాత్రంగా కనిపిస్తాయి. ఆ మలినాన్నే ఉత్పత్తిగా తీయగలమా అన్నది తర్వాతి ప్రశ్న. 1973లో చమురు ధరలు ఆకాశానికెగసినప్పుడు ఈ ప్రశ్నకు డబ్బు, మనుషులు దొరికారు. మిథనాల్‌ను నేరుగా పెట్రోలులో కలిపితే, కాస్త నీరు చేరగానే అది విడిపోయి అడుగుకు దిగుతుంది. ఇథనాల్, ప్రొపనాల్, బ్యూటనాల్ తోడుంటే ఆ విడిపోవడం తగ్గుతుంది. అంటే పెట్రోలుకు కావలసింది ఒట్టి మిథనాల్ కాదు, బరువైన ఆల్కహాళ్ల మిశ్రమం.

బరువైన ఆల్కహాల్ కావాలంటే కార్బన్‌కు కార్బన్ అతకాలి. కార్బన్‌ను వదులుగా పట్టుకొని ఏదీ తెంచని రాగికి ఇది చేతకాని పని. దానికి రెండు రకాల తోడు వెతికారు.

మొదటిది క్షారం. రాగి, జింక్ ఆక్సైడ్ మీద పొటాషియం, సీజియం లవణాలు కొద్దిగా అద్దితే, ఆల్డిహైడ్లు జతకట్టే పాత కర్బన రసాయనం అక్కడ మొదలవుతుంది. అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో కామిల్ క్లియర్ బృందం సీజియం అన్నిటికన్నా మేలని తేల్చింది. ఈ దారిలో ఒక కార్బన్ నుంచి రెండుకు ఎక్కడమే కష్టమైన మెట్టు. రెండు నుంచి మూడు, మూడు నుంచి నాలుగు చకచకా సాగుతాయి. నాలుగు దగ్గర, ఐసోబ్యూటనాల్ రూపంలో, దారి మూసుకుపోతుంది. కొమ్మ వేసిన ఆ అణువులో మరో జతకు కావలసినన్ని హైడ్రోజన్లు సరైన చోట ఉండవు. అందుకే ఈ ఉత్ప్రేరకం చాలా మిథనాల్, కొంత ఐసోబ్యూటనాల్ ఇస్తుంది. మధ్యలోని ఇథనాల్, ప్రొపనాల్ వచ్చినవి వచ్చినట్టే ముందుకు ఖర్చయిపోతాయి.

రెండో తోడు కోబాల్ట్. ఫ్రెంచి పెట్రోలియం సంస్థ 1970ల్లో పట్టుకున్న దారి ఇది. కోబాల్ట్ కార్బన్ మోనాక్సైడ్‌ను తెంచి కార్బన్ గొలుసు అల్లుతుంది. పక్కనే ఉన్న రాగి తెగని కార్బన్ మోనాక్సైడ్‌ను తెచ్చి గొలుసు చివర చొప్పిస్తుంది. హైడ్రోజన్ చేరి ఆల్కహాల్ అవుతుంది. కాగితం మీద ఇంతకన్నా అందమైన ఆలోచన ఉండదు. అయితే ఈ రెండు లోహాలూ పరమాణువు పక్కన పరమాణువుగా కలిసి ఉంటేనే ఇది సాగుతుంది. రాగి, కోబాల్ట్ ఘనస్థితిలో ఒకదానిలో ఒకటి సరిగా కలవవు. వాయువు తగిలినకొద్దీ, వేడి తగిలినకొద్దీ విడిపోయి ఎవరి గుంపు వాళ్లు కడతారు. విడిపోయిన కోబాల్ట్ హైడ్రోకార్బన్లు చేస్తుంది, విడిపోయిన రాగి మిథనాల్ చేస్తుంది, మధ్యలో కావలసిన ఇథనాల్ పలచబడుతుంది. దీనికి తోడు గణితం కూడా అడ్డుపడుతుంది. గొలుసు ఒక్కో కార్బన్‌గా పెరిగే ఏ పద్ధతిలోనైనా ఉత్పత్తులు ఒక నిర్ణీత వితరణను పాటిస్తాయి. దాని ప్రకారం రెండు కార్బన్ల ఉత్పత్తి బరువులో 30 శాతం దాటదు. ఉత్ప్రేరకాన్ని ఎంత సానబెట్టినా, ఈ దారి మారనంతవరకు ఆ హద్దు మారదు.

జపాన్‌లో ఫ్రెంచి పద్ధతికి ఒక ప్రయోగ కర్మాగారం నడిచింది. ఇటలీలోని పిస్టిచ్చిలో 1980ల్లో పెద్ద ఎత్తున మిశ్రమ ఆల్కహాళ్లు తీశారు, అదీ రాగితో కాదు, పొటాషియం అద్దిన ఆ పాత జింక్ క్రోమియం ఆక్సైడ్‌తో. అమెరికాలో డౌ సంస్థ గంధకాన్ని విషంగా కాక సొంత ఒంట్లో భాగంగా పెట్టుకున్న మాలిబ్డినం సల్ఫైడ్‌ను పట్టుకుంది. 1986లో చమురు ధర కుప్పకూలింది. ఈ ప్రయత్నాల్లో చాలావాటిని దస్త్రాల్లో కట్టిపెట్టారు.

రోడియం గురించి ఒక్క మాట. రెండు కార్బన్ల ఉత్పత్తుల విషయంలో అది రాగి, కోబాల్ట్ జంటకన్నా మెరుగు. కానీ అంత అరుదైన లోహాన్ని టన్నుల లెక్కన రియాక్టర్లో పోయడానికి ఏ అకౌంటెంటూ ఒప్పుకోడు.

చివరికి సిన్‌గ్యాస్ నుంచి ఇథనాల్ పెద్ద స్థాయిలో వచ్చిన దారి వేరు. చైనాలోని దాలియన్ రసాయన భౌతిక సంస్థ పద్ధతితో షాన్‌షీ రాష్ట్రంలోని యాన్‌చాంగ్ సంస్థ 2017లో ఏడాదికి లక్ష టన్నుల కర్మాగారాన్ని నడపడం మొదలుపెట్టింది. బొగ్గు నుంచి సిన్‌గ్యాస్, దాని నుంచి రాగి మీద మిథనాల్. మిథనాల్ రెండు అణువులు కలిసి డైమిథైల్ ఈథర్. ఆ ఈథర్‌లోకి జియోలైట్ అనే మరో ఉత్ప్రేరకం మీద ఇంకో కార్బన్ మోనాక్సైడ్‌ను చొప్పిస్తే మిథైల్ ఎసిటేట్. దాన్ని మళ్లీ రాగి మీద హైడ్రోజన్‌తో చర్య జరిపిస్తే ఇథనాల్, దాంతోపాటు తిరిగి వాడుకోదగ్గ మిథనాల్. కార్బన్‌కు కార్బన్‌ను అతికే పని రాగికి అప్పగించకుండా జియోలైట్‌కు ఇచ్చారు. మొదట్లోనూ చివర్లోనూ రాగి తనకు వచ్చిన పనే చేసింది: ఏదీ అతిగా తెంచకుండా హైడ్రోజన్ అందించడం. మెట్లు ఎక్కువే, పెట్టుబడీ ఎక్కువే, కానీ ప్రతి మెట్టులోనూ వృథా తక్కువ. ఒకే ఉత్ప్రేరకంతో ఒకే దెబ్బలో ఇథనాల్ అన్న నలభై ఏళ్ల పట్టుదలను వదులుకోవడమే ఇక్కడ పనికొచ్చిందని నా అభిప్రాయం. మరోవైపు ఇదే పనిని గట్టి పీడనం, వేడి లేకుండా క్లాస్ట్రిడియం జాతి సూక్ష్మజీవులు చేస్తాయి; 2018 నుంచి చైనాలో ఒక ఉక్కు కర్మాగారపు వాయువుతో వాటి చేత ఇథనాల్ చేయిస్తున్నారు.

మన దేశానికి కావలసిన మిథనాల్‌లో అధికభాగం దిగుమతి అవుతోంది, ప్రధానంగా సహజవాయువు చవకగా దొరికే పశ్చిమాసియా దేశాల నుంచి. మనకున్నది బొగ్గు, అందులో బూడిద 30, 40 శాతం. ఈ బూడిద బొగ్గును వాయువుగా మార్చడం ఎంత కష్టమో గోదావరి లోయకు తెలుసు. రామగుండం ఎరువుల కర్మాగారం 1980లో బొగ్గు నుంచి తీసిన వాయువుతోనే అమ్మోనియా, యూరియా మొదలుపెట్టి, 1999లో మూతపడింది. 2021లో మళ్లీ తెరుచుకున్నది సహజవాయువుతో. హైదరాబాద్‌లోని భెల్ పరిశోధన కేంద్రం ఎక్కువ బూడిద ఉన్న మన బొగ్గును ఫ్లూయిడైజ్డ్ బెడ్ గ్యాసిఫైయర్‌లో వాయువుగా మార్చి మిథనాల్ తీసే ప్రయోగ కేంద్రాన్ని నిర్మించింది. 2021 సెప్టెంబరులో కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం దీన్ని ప్రకటించింది. సామర్థ్యం రోజుకు పావు టన్ను. నేటి పెద్ద కర్మాగారాలు రోజుకు 5,000 టన్నులు తీస్తున్నాయి కాబట్టి ఈ అంకె చిన్నదే. అయితే అక్కడ పరీక్షకు పెట్టింది ప్రధానంగా రాగిని కాదు, దాని ముందున్న మెట్టును: బూడిద బొగ్గు నుంచి రాగికి సరిపడేంత శుభ్రమైన వాయువు తీయగలమా అన్నదాన్ని. లాయ్నా రోజుల్లో రాగికి అడ్డం వచ్చిన ప్రశ్న కూడా ఇదే కదా.

ఇప్పుడు అందరి చూపూ కార్బన్ డయాక్సైడ్ వైపు మళ్లింది. రాగి మీద మిథనాల్ ఎలాగూ కార్బన్ డయాక్సైడ్ నుంచే వస్తున్నప్పుడు, బొగ్గునూ సహజవాయువునూ పక్కనపెట్టి పొగగొట్టంలోని కార్బన్ డయాక్సైడ్‌ను, నీటిని విద్యుత్తుతో విడగొట్టిన హైడ్రోజన్‌ను వాడితే సరిపోదా? ఐస్‌లాండ్‌లోని స్వార్ట్‌సెంగిలో భూతాప విద్యుత్తుతో 2012లోనే మొదలైన కర్మాగారం తర్వాత ఏడాదికి 4,000 టన్నుల స్థాయికి పెరిగింది. మిథనాల్ ఇంధనం కోసం వాదించిన నోబెల్ గ్రహీత జార్జ్ ఓలా పేరు దానికి పెట్టారు. మధ్యప్రదేశ్‌లోని వింధ్యాచల్ విద్యుత్ కేంద్రం దగ్గర ఎన్టీపీసీ రోజుకు 10 టన్నుల స్థాయిలో ఇదే ప్రయత్నం చేస్తోంది. మిథనాల్‌తో నడిచే కంటైనర్ ఓడలు 2023 నుంచి సముద్రం మీద తిరుగుతున్నాయి కాబట్టి కొనేవాళ్లూ ఉన్నారు.

లెక్క చూస్తే మాత్రం ఉత్సాహం కొంత తగ్గుతుంది. టన్ను మిథనాల్‌కు దాదాపు 1.4 టన్నుల కార్బన్ డయాక్సైడ్, 190 కిలోల హైడ్రోజన్ కావాలి. ఆ హైడ్రోజన్‌ను నీటి నుంచి తీయడానికి సుమారు పదివేల యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. చర్యలో పాల్గొనే ప్రతి మూడు హైడ్రోజన్ అణువుల్లో రెండు మిథనాల్‌లోకి చేరితే మూడోది కార్బన్ డయాక్సైడ్‌లోని రెండో ఆక్సిజన్‌ను పట్టుకొని నీరైపోతుంది. సిన్‌గ్యాస్‌లో అయితే ఆ ఆక్సిజన్‌ను కార్బన్ మోనాక్సైడ్ మోసుకుపోయేది; ఇక్కడ అది లేదు. ఆ నీరు రాగి మీద చోటు ఆక్రమించి చర్యను మందగింపజేస్తుంది, జింక్ ఆక్సైడ్ స్ఫటికాలను పెంచుతుంది, రాగి రేణువులు ముద్దకట్టడాన్ని వేగిరం చేస్తుంది. అల్యూమినా బదులు నీటిని అంతగా పట్టుకోని జిర్కోనియా వాడి చూస్తున్నారు. రాగిని పూర్తిగా పక్కనపెట్టి ఇండియం ఆక్సైడ్ వైపు వెళ్లినవారూ ఉన్నారు; అది నీటిని బాగా ఓర్చుకుంటుంది గాని, చర్యకు రాగికన్నా ఎక్కువ వేడి అడుగుతుంది, ఎక్కువ వేడి అంటే మళ్లీ ఎక్కువ పీడనం. ఇండియం విడిగా ఏ గనిలోనూ దొరకదు కూడా. జింక్ శుద్ధి చేసేచోట ఉపఉత్పత్తిగా కొద్దికొద్దిగా వస్తుంది.